నేను సున్నాలు వేసిన ఇళ్ళు

సర్వే పనికి కొత్తగా వచ్చిన పిల్లలు మొదటి రోజున నన్ను ఒకటే అడిగేవారు: "ఆంటీ, తలుపు తియ్యని ఇంటికి ఏం చెయ్యాలి?" తలుపు తియ్యని ఇంటితో ఏ ఇబ్బందీ లేదు నాయనా. ఫారం మీద తాళం అని రాసి పక్కింటికి వెళ్ళిపోవచ్చు. ఇబ్బందంతా తలుపు తీసి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, నవ్వుతూ తప్పు జవాబు చెప్పే ఇంటితోనే. అది తప్పని చెప్పేవాళ్ళకీ తెలియదు, రాసుకునేవాళ్ళకీ తెలియదు. అలాంటి జవాబులు నేను ఒక ఊరు ఊరంతా తిరిగి రాసుకొచ్చాను. ఆ సంగతి చెబుతాను. రేపు మీరూ ఫారం పట్టుకుని ఎవరో ఒకరి గుమ్మం ఎక్కుతారు కాబట్టి చెబుతున్నాను.

నేను చదివింది ఏడో తరగతి. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళయ్యాక ఇటొచ్చాను. మా ఆయన ఢిల్లీ పక్కన నోయిడాలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేసేవారు. హిందీ నేను నీళ్ళ ట్యాంకరు దగ్గరా, కూరగాయల బండి దగ్గరా నేర్చుకున్నాను. అక్కడ అరవడం వస్తే చాలు, వ్యాకరణం అక్కర్లేదు. మగాళ్ళకి ఆయా అనాల్సిన చోట ఆయీ, ఆడాళ్ళకి ఆయీ అనాల్సిన చోట ఆయా ఇప్పటికీ నా నోటికి వస్తాయి. మా వీధిలో ఉండే ఒకావిడ ఒకరోజు "దీదీ, అంకెలు రాయడం వచ్చా?" అని అడిగి తీసుకెళ్ళింది. చౌరస్తాలో ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టి, వచ్చిన బండికల్లా ఒక గీత పెట్టమన్నారు. కార్లకో గడి, ఆటోలకో గడి, బస్సులకో గడి. రోజంతా పొగ మింగి సాయంత్రానికి ఇంటికొస్తే కళ్ళు మూసినా బళ్ళే కదిలేవి.

కొన్నాళ్ళకి నన్ను రోడ్డు మీంచి తీసి ఇళ్ళకి పంపారు. ఆడమనిషి తలుపు తడితే ఆడవాళ్ళు తీస్తారని. ఇంట్లో ఉన్న ఒక్కొక్క మనిషి గురించీ, నిన్న ఎక్కడెక్కడికి వెళ్ళారు, ఎలా వెళ్ళారు, ఎంతసేపు పట్టింది అని అడిగి రాసుకోవాలి. ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్తే ఒక ట్రిప్పు. తిరిగొస్తే ఇంకొకటి. ఆ కాగితాలన్నీ ఆఫీసుకి చేరితే, చదువుకున్నవాళ్ళు వాటిని చూసి ఇక్కడ బస్సు వెయ్యాలి, అక్కడ వంతెన కట్టాలి అని చెబుతారు. వాళ్ళు ఆ ఊళ్ళన్నిటికీ వెళ్ళి చూడలేరు కదా. మనం రాసిందే వాళ్ళకి ఊరు.

అలా ఏళ్ళు గడిచాక మా ఆఫీసుకి ఒక తెలుగమ్మాయి వచ్చింది. కరీంనగర్ పిల్ల. హైదరాబాదులో నాలుగేళ్ళు టౌన్ ప్లానింగ్ చదివి, ఢిల్లీలో ఇంకో రెండేళ్ళు రవాణా గురించే చదివింది. గ్రేటర్ నోయిడాలో హాస్టల్లో ఉండేది. ఫీల్డు ఎలా ఉంటుందో చూడమని వారం రోజులు నా వెంట తిప్పారు. మొదటి రోజు పొద్దున్నే వచ్చి, మా ఫీల్డు పనంతా చూసే సార్ కనబడకపోతే నన్ను అడిగింది.

"చిన్నమ్మా, సార్ యాడికి పోయిండు?"

"పొద్దున్నే అదేం మాటమ్మా. మా వైపు పోయారంటే చచ్చిపోయారని."

"మా దిక్కు పోయినోడు మళ్ల వస్తడు. మీ ఆంధ్రోళ్ళే గిట్ల భయపడతరు."

చిన్నమ్మా అన్న పిలుపుకే నేను పడిపోయాను. ఇక్కడ అందరూ ఆంటీ, దీదీ అనేవాళ్ళే. మా అమ్మాయి కూడా తెలుగులో అడిగితే హిందీలో బదులిచ్చే రకం. నేను ఆ పిల్లని అమ్మడూ అనేదాన్ని. ఈ-రిక్షాలో పక్కపక్కన కూర్చుని ఒకరి భాషని ఒకరం వెక్కిరించుకుంటూ తిరిగాం. ఆమె గోంగూరని పుంటికూర అనేది, పచ్చడిని తొక్కు అనేది. "తొక్కు నువ్వు తిని పచ్చడి నాకు పెట్టు" అనేదాన్ని.

ఒకరోజు అడిగాను. "ఇంత చదువు చదివి నాతోపాటు ఎండలో ఈ తిరుగుడేంటే?"

"రోడ్డేసేటోడు ఇంజినీరు చిన్నమ్మా. ఈ రోడ్డు ఎవలకోసం ఏస్తున్నవు అని అడిగేటోళ్ళం మేం."

"అడిగితే వింటాడా?"

"ఇనడు. అందుకే లెక్కలు పట్కపోవాలె."

"మీ నాన్నగారికి తెలుసా ఇదీ నీ ఉద్యోగమని?"

"మా బాపుకి ఇప్పటికీ తెల్వది నేనేం చదివిన్నో. అందరికి ఇంజినీరనే చెప్తడు. నేనూ ఊకుంట."

భోజనాల వేళ నాకు మ్యాపు చదవడం నేర్పింది. అప్పటిదాకా నేను రాసిన కాగితాలు ఏమవుతాయో నాకు తెలియదు. ఒక ఇంటి నుంచి పనిచేసే చోటికి వెళ్ళే మనిషి కంప్యూటరులో ఒక గీత అవుతాడు. ఒకే వైపు వెళ్ళేవాళ్ళు ఎక్కువయ్యేకొద్దీ గీత లావవుతుంది. ఇంగ్లీషులో వాటిని డిజైర్ లైన్స్ అంటారట. "అంటే కోరిక గీతలు చిన్నమ్మా. రోడ్డు ఎట్ల పోతదో కాదు, మనిషికి యాడికి పోవాల్నని ఉందో గది." నేను ఆ గీతల్ని చాలాసేపు చూశాను. ఇలాంటి చదువు ఒకటి ఉందని మా ఊళ్ళో ఎవరైనా చెప్పి ఉంటే, మా అయ్య బడి మాన్పించిన రోజున నేను ఇంకొంచెం గట్టిగా ఏడ్చేదాన్నేమో.

ఇక ఆ ఊరి సంగతి. నోయిడా శివార్లలో, చుట్టూ అపార్టుమెంట్లు లేచాక మధ్యలో మిగిలిపోయిన పాత ఊరది. ఊరి ముందు పెద్ద రోడ్డు, ఆరు వరసల బళ్ళు. రోడ్డుకి అవతల స్కూలు, సర్కారీ డిస్పెన్సరీ, మంగళవారం సంత. రెంటికీ మధ్య ఒక సిగ్నలు. బళ్ళకి ఎర్ర లైటు పడినప్పుడు జనం దాటేవారు. బళ్ళు ఆగకుండా సాగిపోవాలని ఆ సిగ్నలు తీసేసి, రోడ్డు నడుమ ఇనుప రెయిలింగు బిగించాలని సర్కారు పైవాళ్ళ ఆలోచన. దాటాలనుకున్నవాళ్ళు చాలా దూరం నడిచి, వంతెన మెట్లెక్కి దిగి, మళ్ళీ అంత దూరం వెనక్కి నడవాలి. అక్కడ దాటేవాళ్ళు నిజంగా ఉన్నారా, ఉంటే ఎంతమంది అని మా ఆఫీసుని అడిగారు. రోడ్డు మీద లెక్కబెట్టమన్నది బళ్ళని మాత్రమే. నడిచేవాళ్ళ లెక్క ఇళ్ళ దగ్గర రాసిన ఫారాల్లోంచే తియ్యాలి. ఫారాలు రాయాల్సింది నేను. రిపోర్టు రాయాల్సింది ఆ అమ్మాయి. అది తన మొదటి రిపోర్టు.

ఆ ఊళ్ళో నాకు పని చాలా తేలిగ్గా జరిగింది. వరండాలో మంచం మీద ఇంటాయన కూర్చుని చెప్పేవాడు. ఆయన ఫ్యాక్టరీకి వెళ్ళాడు, వచ్చాడు. రెండు. కొడుకు మోటారుసైకిలు మీద గుడ్‌గావ్ వెళ్ళాడు, వచ్చాడు. రెండు.

"ఔర్ బహూ?" అని అడిగేదాన్ని, కోడలి సంగతేంటని.

"బహూ కహా జాయేగీ? ఘర్ పే రహతీ హై." కోడలెక్కడికి వెళ్తుంది, ఇంట్లోనేగా ఉంటుంది.

మగాయన మాట మీద రాయకూడదు, మనిషినే అడగాలని నాకు తెలుసు. లోపలికి వెళ్ళి కోడల్ని అడిగేదాన్ని. "కల్ కహా గయే?"

"కహీ నహీ గయీ, దీదీ." ఎక్కడికీ వెళ్ళలేదు.

ఆమెకి సున్నా. అత్తగారిని అడిగితే నవ్వేది, ఈ వయసులో ఎక్కడికి వెళ్తానని. ఆవిడకీ సున్నా. ఇంటికి రెండు మూడు సున్నాల చొప్పున ఆ వారం నేను చాలా ఇళ్ళు పూర్తిచేశాను. మా సార్ హర్యానా మనిషి, మెచ్చుకున్నా తిట్టినా ఒకటే గొంతు. నా ఫారాలు పైకెత్తి అందరికీ చూపించాడు. "దేఖో, ఏక్ భీ కట్టింగ్ నహీ. దీదీ సే సీఖో." కొట్టివేతలు లేని ఫారాలట, నన్ను చూసి నేర్చుకోవాలట. నేను కొంగు సర్దుకున్నాను. ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ అమ్మాయి గీతలు వేసి చూసింది. మగవాళ్ళ గీతలు ఊళ్ళోంచి నాలుగు వైపులకీ బారులు తీరాయి. ఆడవాళ్ళ గీతలు విడిగా వేస్తే తెర దాదాపు తెల్లగా ఉంది. రోడ్డు దాటే గీతలు చేతివేళ్ళకి మించలేదు.

"చిన్నమ్మా, ఈ ఊర్ల ఆడోళ్ళకు యాడికి పోవాల్నని ఉండదా?"

"వాళ్ళ పద్ధతి అది అమ్మడూ. కోడళ్ళని బయటికి పంపరు."

నేనే చెప్పాను ఆ మాట. పాతికేళ్ళు ఇక్కడ ఉన్నదాన్ని కదా, అన్నీ తెలిసినట్టు. ఆ అమ్మాయి నమ్మింది. దాటేవాళ్ళు బహు కొద్దిమంది, సిగ్నలు తీసేసినా పెద్దగా ఇబ్బంది ఉండదు అని చిత్తు రిపోర్టు రాసింది. పై వారమే పైవాళ్ళతో మీటింగు.

సోమవారం కొత్తగా చేరిన పిల్లలకి ఫారం నింపడం నేర్పాలి. ఆ అమ్మాయి నన్ను ముందు కుర్చీలో కూర్చోబెట్టింది. నేను ఇంటావిడని, తను సర్వే మనిషి. అందరూ చుట్టూ నిలబడ్డారు. పేరు, వయసు, ఇంట్లో ఎంతమంది అన్నీ అడిగింది. తర్వాత అసలు ప్రశ్న.

"నిన్న మీరు యాడయాడికి పోయిండ్రు?"

"నిన్న ఆదివారం కదమ్మా. ఎక్కడికీ వెళ్ళలేదు."

తన పెన్ను సున్నా చుట్టబోయి ఆగింది. "చిన్నమ్మా, నిన్న నాకు పుంటికూర తొక్కు ఎవలిచ్చిండ్రు?"

"నేనే."

"యాడిచ్చిండ్రు?"

"మీ హాస్టల్లో."

"హాస్టల్ యాడుంది?"

"గ్రేటర్ నోయిడాలో." అప్పటికీ నాకు వెలగలేదు.

"మరి ఎట్ల వచ్చిండ్రు? ఎగురుకుంట వచ్చిండ్రా?"

తెలుగు రాని పిల్లలకి కూడా గ్రేటర్ నోయిడా అన్న మాట అర్థమైంది, గది గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆదివారం నేను ఇంటి నుంచి మెట్రోకి నడిచాను, మెట్రోలో అంత దూరం వెళ్ళాను, దిగి ఈ-రిక్షా ఎక్కాను. సీసా ఇచ్చి, వస్తూ వస్తూ మా ఆయన మందులు కొన్నాను, దర్జీ దగ్గర ఆగి జాకెట్టు తీసుకున్నాను. సగం రోజు రోడ్ల మీదే ఉన్నాను. అయినా అబద్ధం చెప్పలేదు. వెళ్ళడమంటే పనికి వెళ్ళడం, పెళ్ళికి వెళ్ళడం, సొంతూరు వెళ్ళడం. పచ్చడి ఇచ్చి రావడాన్ని వెళ్ళడం అని ఎవరంటారు?

ఆ అమ్మాయి నవ్వలేదు. లేచి బీరువా దగ్గరికి వెళ్ళి నా ఫారాల కట్ట తీసుకొచ్చి నా ఒళ్ళో పెట్టింది. పేజీ తిప్పితే సున్నా, తిప్పితే సున్నా. ఎంత గుండ్రంగా వేశానో.

అప్పుడు నాకు ఒక కోడలు గుర్తొచ్చింది. నేను వెళ్ళినప్పుడు అప్పుడే గుమ్మంలోకి అడుగుపెట్టింది. నుదుటి మీద చెమట, భుజాన పిల్లాడి స్కూలు బ్యాగు, చేతిలో కొత్తిమీర కట్ట. చెప్పులు విప్పుతూ, ఆయాసపడుతూ, నిన్న ఎక్కడికీ వెళ్ళలేదు దీదీ అంది. నేను ఆ బ్యాగు చూశాను. ఆ కొత్తిమీర వాసన కూడా చూశాను. చూసి సున్నా వేశాను.

సంగతి సార్‌కి చెబితే చేతులు జోడించాడు. "మేడమ్, డేటా జమా హో గయా. అబ్ మత్ ఛేడో." ఇచ్చేసిన లెక్కని ఇక కెలకొద్దని. ఆ అమ్మాయి వెళ్ళాక నన్ను పక్కకి పిలిచి మెల్లగా మాట్లాడాడు. ఆయన మెల్లగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు. "దీదీ, ఫారాలు తప్పంటే ఎవరి పేరు కొట్టేస్తారు? సంతకం మీది. ఇన్నేళ్ళ పని. ఆలోచించుకోండి." చెడ్డవాడు కాదు. నా మంచికే చెప్పాడు.

ఆ అమ్మాయికి ఆ మాట చెప్పాను.

"తప్పు మీది కాదు చిన్నమ్మా. ప్రశ్ననే తప్పు. నేను గట్లనే చెప్త."

"ప్రశ్న తప్పయితే, బ్యాగు చూసిన కళ్ళు ఎవరివమ్మా?"

"మరేం చేద్దామంటరు?"

"మళ్ళీ వెళ్దాం. ఎన్ని ఇళ్ళు తిరగ్గలిగితే అన్ని."

మీటింగుకి మిగిలిన రోజుల్లో రెండు వీధులే తిరగగలిగాం. ఈసారి నేను ఎక్కడికి వెళ్ళారని అడగలేదు. పొద్దుట లేచిన దగ్గర్నుంచి ఎవరెవరిని వదిలి వచ్చారు, ఏమేం తెచ్చారు అని అడిగాను. నా హిందీలో అది "సుబహ్ సే కిస్ కిస్ కో ఛోడ్‌కే ఆయా, క్యా క్యా లేకే ఆయా?" అయింది. ఆడవాళ్ళు పడి పడి నవ్వారు.

"ఆయా నహీ దీదీ, ఆయీ. హమ్ ఆద్మీ హై క్యా?" మేమేమైనా మగాళ్ళమా అని.

నవ్విన నోళ్ళు ఆగలేదు. పిల్లాణ్ణి స్కూల్లో దింపి వచ్చాం. మర్చిపోయిన టిఫిను డబ్బా ఇచ్చి వచ్చాం. అత్తగారిని డిస్పెన్సరీకి తీసుకెళ్ళి వచ్చాం. మధ్యాహ్నం పిల్లాణ్ణి తీసుకొచ్చాం. గోధుమలు పిండి పట్టించుకొచ్చాం. కొత్తిమీర కోడలు వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, నిన్న ఆ రోడ్డు ఎనిమిది సార్లు దాటానని తెలిసి తనే నోరు తెరిచింది. పక్కనున్న ఆమె ఫారంలోకి తొంగి చూసి అనుమానంగా అడిగింది. "దీదీ, యే సబ్ భీ లిఖోగే? యే ఘూమ్‌నా థోడీ హై, కామ్ హై." ఇదంతా కూడా రాస్తారా, ఇది తిరగడం కాదు కదా, పని కదా.

సిగ్నలు తీసేస్తారని వాళ్ళకి అప్పుడే తెలిసింది. చీపురు పట్టుకున్న ఒక పెద్దావిడ ఆ అమ్మాయి గడ్డం పట్టుకుని, "బేటీ, తూ రుకవా దేగీ నా?" అని అడిగింది. నువ్వు ఆపిస్తావు కదా అని. ఆ అమ్మాయి తల ఊపింది. బయటికొచ్చాక అంది, "ఎందుకు తలూపిన్నో తెల్వది చిన్నమ్మా. నా చేతుల ఏముంది?"

కొత్త లెక్కతో గీతలు వేసింది. నన్ను పిలిచి చూపించింది. ఊళ్ళోంచి పాయలు పాయలుగా బయల్దేరిన గీతలన్నీ ఆ సిగ్నలు దగ్గర కలిసి, గట్టిగా అల్లిన జడలా రోడ్డు దాటి, అవతల మళ్ళీ విడిపోయాయి.

మీటింగు సర్కారీ ఆఫీసులో. పొడుగు బల్ల, మధ్యలో పెద్దాఫీసరు, ఇటు మా కంపెనీ పెద్దాయన, సార్, ఆ అమ్మాయి. నన్ను గోడ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ అమ్మాయి లేచి, చిత్తు రిపోర్టులో అంకె తప్పు, అసలు లెక్క ఇదీ అని చూపించింది. మా పెద్దాయన ముఖం రంగు మారింది. ఆయనకి ముందుగా చెప్పలేదని నాకు అప్పుడే అర్థమైంది.

ఆఫీసరు కళ్ళజోడు తీశాడు. "గలతీ కిస్‌కీ హై?" తప్పెవరిది?

"ప్రశ్నదే తప్పు సార్," అని ఆ అమ్మాయి ఇంగ్లీషులో అంది.

"ఈ ప్రశ్న అన్ని చోట్లా ఇలాగే అడుగుతున్నాం కదా," అన్నాడు ఆఫీసరు.

ఆ అమ్మాయి కాగితాలు తిరగేసింది. నేను లేచి నిలబడ్డాను. "సాబ్, గలతీ మేరా హై." తప్పు నాదే, నేనే రాసుకొచ్చాను సాబ్, స్కూలు బ్యాగు చూసి కూడా ఎక్కడికీ వెళ్ళలేదని రాశాను అని, వచ్చిన హిందీలో చెప్పాను.

"ఎంతవరకు చదివారు?"

"ఏడు."

ఆయన ఆ అమ్మాయి వైపు తిరిగాడు. "అంటే మీ రిపోర్టు ఏడో తరగతి చదివిన ఆవిడ మీద నిలబడిందన్నమాట."

"మన రోడ్లన్నీ ఇలాంటివాళ్ళు రాసిన లెక్కల మీదే నిలబడ్డాయి సార్," అంది. "తప్పు రాశానని వచ్చి చెప్పింది మాత్రం ఈవిడొక్కరే."

ఆఫీసరు ఫైలు మూశాడు. "దేఖ్‌తే హై." చూద్దాం. అంతే మీటింగు.

బయట వరండాలో మా పెద్దాయన ఆ అమ్మాయిని నిలబెట్టి ఇంగ్లీషులో చాలా మాటలన్నాడు. నాకు అన్నీ అర్థం కాలేదు, అర్థం కానక్కర్లేదు. మెట్లు దిగుతూ తను ఒక్కటే మాటంది. "సిగ్నలు తీసేస్తరు చిన్నమ్మా."

సర్వే మనుషుల జాబితా మళ్ళీ రాసినప్పుడు నా పేరు లేదు. సార్ ఫోన్ చేసి చెప్పలేక చెప్పాడు. ఆ అమ్మాయి చేతిలోంచి ఆ పని తీసేసి వేరేవాళ్ళకిచ్చారు. రెండు నెలలకి దక్షిణాన వేరే ఊళ్ళో ఉద్యోగం చూసుకుంది. చెప్పడానికి మా ఇంటికొచ్చి మంచం అంచున కూర్చుంది. కంచం ముందు పెడితే అన్నం కెలుకుతూ ఉంది.

"నా వల్లనే మీ పని పోయింది చిన్నమ్మా."

"నీ వల్ల కాదే. మోకాళ్ళు ఎలాగూ మొరాయిస్తున్నాయి."

"అబద్ధం చెప్పకుండ్రి."

మొదట్లో వారానికోసారి ఫోన్ చేసేది. తర్వాత పండగలకి. ఫోన్ చేసినప్పుడల్లా నా పని గురించి అడగబోయి ఆగిపోయేది, నేను చెప్పబోయి ఆగిపోయేదాన్ని. చివరికి ఫోనూ ఆగిపోయింది. నన్ను తలచుకుంటే తనకి తప్పు చేసినట్టుంటుందని నాకు తెలుసు. అలా ఏం లేదే అని ఎన్నిసార్లు చెబితే మాత్రం నమ్ముతుంది?

నాకు పని పోయినందుకు దిగులు లేదని చెప్పను. పొద్దున్నే అట్టా, క్లిప్పూ, పెన్నూ సర్దుకోవడం, తెలియని ఇంట్లో ఇచ్చిన నీళ్ళు తాగడం, అన్నీ గుర్తొస్తాయి. కానీ ఎక్కువ గుర్తొచ్చేది ఆ మధ్యాహ్నాలు. డబ్బాలు తెరుచుకుని, మ్యాపుకి పచ్చడి అంటకుండా దాని మీద చూపుడు వేలు పెట్టి, ఇగో చిన్నమ్మా ఇది మీ ఇల్లు అని చూపించిన మధ్యాహ్నాలు. మెట్రోలో ఎవరైనా యాడ, గట్ల అన్నారంటే ఇప్పటికీ తల తిప్పి చూస్తాను. వేరే ఎవరో అయి ఉంటారు. చూడటం మానను.

ఏడాది తిరిగొస్తుండగా ఒక మంగళవారం, సంత నెపం పెట్టుకుని ఆ ఊరు వెళ్ళాను. రెయిలింగు చూడాల్సి వస్తుందని మనసు గట్టి చేసుకునే దిగాను. రెయిలింగు ఉంది. కానీ ఆ చోటుకొచ్చేసరికి తెంపి దారి వదిలారు. సిగ్నలు ఉంది. పాత స్తంభం తీసి కొత్తది పాతారు, నడిచేవాళ్ళకి వేరే లైటు కూడా పెట్టారు, నడుస్తున్న పచ్చ మనిషి బొమ్మతో. ఆ రిపోర్టు వల్లో, ఊరి పెద్దలెవరైనా వెళ్ళి అడిగినందువల్లో, నాకు తెలియదు. మాకెవరూ చెప్పలేదు. ఆడవాళ్ళు సంచులతో, పిల్లలతో దాటుతున్నారు. నా కళ్ళజోడు తుడుచుకోవాల్సి వచ్చింది.

ఫోటో తీసి ఆ అమ్మాయికి పంపాను. పంపాక, చూస్తుందో లేదో అనుకున్నాను. నేను రోడ్డు పక్కన ఉండగానే జవాబొచ్చింది. బాగున్నారా అని లేదు, సంతోషం అని లేదు.

"చిన్నమ్మా, నడిచేటోళ్ళకు ఎన్ని సెకన్లు ఇచ్చిండ్రు? మీకు సరిపోయిందా?"

వెళ్ళి నిలబడ్డాను. పచ్చ మనిషి పడగానే అడుగేసి, నోట్లో లెక్కపెట్టుకుంటూ నడిచాను. ఇంకో వరస మిగిలి ఉండగానే ఎర్రది పడింది. ఒక ఆటో అతను హారను కొట్టి, "మాతాజీ, జల్దీ" అన్నాడు. అవతలి గట్టు ఎక్కి ఊపిరి పీల్చుకుని, సరిపోయింది అమ్మడూ అని రాశాను. పంపబోయి ఆగాను. ఆ అమ్మాయి సంతోషపడాలని రాసిన మాట అది. చెరిపేసి, "సరిపోలేదు. నాలుగు సెకన్లు తక్కువ" అని పంపాను.

"మీ ఒక్కలకేనా, అందరికా?"

నేను చుట్టూ చూశాను. నాకు తెలియదు. తెలియదనే రాశాను.

మర్నాటి నుంచి నోటుబుక్కు పట్టుకుని వెళ్తున్నాను. స్కూలు వేళకి ఒకసారి, డిస్పెన్సరీ వేళకి ఒకసారి. పెద్దవాళ్ళు, చంకన పిల్లలున్నవాళ్ళు, బరువులు మోసేవాళ్ళు. అవతలకి చేరినవాళ్ళు ఒక వైపు, నడుమ చిక్కిపోయినవాళ్ళు ఒక వైపు. కొత్తిమీర కోడలు గుర్తుపట్టి, ఇంటి నుంచి కుర్చీ తెచ్చి వేసింది. సాయంత్రం ఆరయ్యేసరికి ఫోన్ మోగుతుంది. "ఇయ్యాల ఎంత మంది చిన్నమ్మా?" చెబుతాను. తర్వాత తను తిన్నదేమిటో, ఆఫీసులో ఎవరితో గొడవ పడిందో చెబుతుంది. నా మోకాళ్ళకి ఏ నూనె రాస్తున్నానో అడుగుతుంది. లెక్క మొత్తం చేతికొచ్చాక తనే ఇంగ్లీషులో ఉత్తరం రాసి పైవాళ్ళకి పంపుతానంది.

నిజం చెప్పాలంటే లెక్క పది రోజుల క్రితమే అయిపోయింది. అయిపోయిందని చెప్పలేదు. ఇంకా కొన్ని రోజులు పడుతుందమ్మా అంటున్నాను. అయిపోయిందంటే ఆరు గంటల ఫోను ఉండదేమోనని.

నిన్న మధ్యాహ్నం ఒక ముసలావిడ మందుల సంచితో రోడ్డు నడుమ ఆగిపోయింది. ఇటు రాలేదు, అటు పోలేదు. బళ్ళు ఆమెకి రెండు వైపులా దూసుకుపోతుంటే, మళ్ళీ పచ్చ లైటు పడేదాకా సంచిని గుండెకి హత్తుకుని నిలబడింది. నేను కుర్చీలోంచి లేచాను గానీ ఏం చెయ్యగలను? నోటుబుక్కులో ఆమెకీ ఒక గీత పెట్టాను. అది పెట్టాల్సిన గీత కాదు. ఉత్తరం పది రోజుల ముందే వెళ్ళి ఉండాల్సింది.

ఇవాళ ఆరింటికి ఫోనొస్తే, అయిపోయిందమ్మా, రాసుకో అని చెబుతాను.